104 ఏళ్ల ఆయుష్షు ఎలా వినియోగమైంది?

పెద్దలకు సలాం చేసి తల వంచినప్పుడు వారి నోట వెలువడే దీవెనలలో ఆయుష్షు గురించిన మాట తప్పక ఉంటుంది. 'జీతే రహో' అని దాదాజాన్ అంటారు. 'నిండు నూరేళ్లు చల్లగా ఉండు' అని పొరుగింటి పెద్దమ్మ అంటుంది. ఆ దీవెనను మనం సంతోషంగా స్వీకరిస్తాం. కాని ఆ నూరేళ్లూ నిజంగా లభిస్తే వాటిని దేనికి వినియోగిస్తామని ప్రశ్నించుకునేవారు తక్కువ. అరవై దాటగానే పని మాని కూర్చోవడం, డెబ్భై దాటగానే మందుల డబ్బా పక్కన పెట్టుకొని మంచానికి అంటుకుపోవడం వృద్ధాప్యానికి సహజ లక్షణాలని మన కుటుంబాలలో ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. ఈ అభిప్రాయాన్ని పునఃపరిశీలించుకోవడానికి తోడ్పడే ఒక జీవితాన్ని ఈ నెల పాఠకుల ముందు ఉంచుతున్నాం.

ఆయన పేరు ఎల్స్‌వర్త్ వేర్‌హామ్. వృత్తిరీత్యా గుండె శస్త్రచికిత్సా నిపుణుడు. 1914 అక్టోబరు 3న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో జన్మించి, 2018 డిసెంబరు 15న తన 104వ ఏట కన్నుమూశారు. ఆయన పుట్టేనాటికి మొదటి ప్రపంచయుద్ధం ఆరంభమై రెండు నెలలైంది. అప్పటికి మధుమేహానికి ఇన్సులిన్ లేదు. చీము పట్టిన గాయానికి పెన్సిలిన్ లేదు. కొట్టుకుంటున్న గుండెను ఆపి, తెరిచి, బాగుచేయవచ్చునన్న ఆలోచన వైద్యులకే అసాధ్యంగా తోచేది. ఇవన్నీ ఆయన కళ్ల ముందే వచ్చాయి. చివరిదానిలో ఆయన స్వయంగా చేయి కలిపారు.

టెక్సాస్‌లో పుట్టినా ఆయన పెరిగింది కెనడాలోని అల్బర్టా ప్రాంతంలో, ఒక వ్యవసాయ కుటుంబంలో. అల్బర్టా అంటే కనుచూపు మేర గోధుమ పొలాలు, నెలల తరబడి గడ్డకట్టించే చలి. ఆ రోజులలో అక్కడి పల్లెలలో విద్యుత్తు అరుదు. పశువులకు మేత వేయడం, పాలు పితకడం, కట్టెలు కొట్టడం, నీళ్లు మోయడం పెద్దలకూ పిల్లలకూ నిత్యకృత్యాలు. సేద్యం చేసే ఇంట పుట్టిన మన పాఠకులకు ఈ చిత్రం కొత్తది కాదు. పంటలు మారవచ్చు, వాతావరణం మారవచ్చు. తెల్లవారుజామున లేచి పశువుల కొట్టం వైపు నడిచే పిల్లవాడి అడుగులు మాత్రం అనంతపురంలోనైనా అల్బర్టాలోనైనా ఒక్కటే.

పొలం పిల్లలకు బడి నేర్పని కొన్ని విషయాలు నేర్పుతుంది. పశువుకు ఆకలి వేసినప్పుడు 'ఈ రోజు సెలవు' అనడానికి వీలుండదు. విత్తిన మరునాడే పంట చేతికి రాదు. విరిగిన నాగలిని బాగుచేయడానికి పట్నం నుంచి మనిషి వచ్చేదాకా కూర్చోలేము కనుక ఉన్న పనిముట్లతోనే సరిచేసుకోవాలి. క్రమశిక్షణ, ఓర్పు, చేతిపని అనే ఈ మూడూ శస్త్రవైద్యుడికి కావలసిన గుణాలేనని వేరే చెప్పనక్కరలేదు. ఆయన జీవితంలో తరువాత కనిపించే ఎన్నో విషయాలకు ఈ పునాదే మూలమని మేము భావిస్తున్నాం.

వైద్యవిద్య కోసం ఆయన అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రానికి వెళ్లారు. లాస్ ఏంజెలెస్‌కు తూర్పున లోమా లిండా అనే ఒక చిన్న పట్టణం ఉంది. స్పానిష్ భాషలో ఆ పేరుకు 'అందమైన కొండ' అని అర్థం. సెవెంత్ డే అడ్వెంటిస్టులనే క్రైస్తవ శాఖవారు 1905లో అక్కడ నెలకొల్పిన ఆరోగ్య కేంద్రమే క్రమంగా వైద్య కళాశాలగానూ, తదుపరి లోమా లిండా విశ్వవిద్యాలయంగానూ ఎదిగింది. ఈ శాఖవారు మద్యం తాగరు, పొగ తాగరు, పంది మాంసం తినరు. వారిలో చాలామంది పూర్తిగా శాకాహారులు. వారానికి ఒక దినం, శనివారం నాడు, లౌకిక వ్యవహారాలన్నీ పక్కన పెట్టి ఆరాధనలోనూ కుటుంబంతోనూ గడుపుతారు. వారి విశ్వాసానికీ మన విశ్వాసానికీ మౌలికమైన భేదాలున్నాయి. అయినా శరీరం దైవం అప్పగించిన వస్తువనీ, దానిని పాడుచేసుకునే హక్కు మనిషికి లేదనీ వారు ఆచరణలో చూపుతున్న తీరు గమనింపదగినది.

వేర్‌హామ్ 1942లో వైద్య పట్టా పుచ్చుకునే నాటికి ప్రపంచం రెండవసారి యుద్ధంలో మునిగి ఉంది. ఆయన అమెరికా నౌకాదళంలో చేరి వైద్యుడిగా సేవలందించారు. యుద్ధనౌకపై వైద్యుడి పరిస్థితి మన ఊరి ఆసుపత్రి వైద్యుడిలా ఉండదు. చుట్టూ సముద్రం. సలహా అడగడానికి మరో పెద్ద డాక్టరు ఉండడు. కాలిన శరీరమైనా, తెగిన నరమైనా, చీము పట్టిన అపెండిక్స్ అయినా అందుబాటులో ఉన్న నాలుగు పరికరాలతోనే, కదులుతున్న బల్లపైనే చూడాలి. మనుషులను చంపడానికి లోకం తన తెలివినంతా వెచ్చిస్తున్న కాలంలో ఒక ప్రాణాన్ని నిలపడానికి రాత్రంతా మేలుకొని ఉండడమే యుద్ధకాల వైద్యుడి విధి.

యుద్ధం ముగిసింది. ఎందరో సైనికులు ఆ అనుభవాల బరువుతో కుంగిపోయారు. మరికొందరు దానిని మరచిపోయి ధనార్జనలో పడ్డారు. వేర్‌హామ్ మాత్రం ఛాతీ, గుండె శస్త్రచికిత్సల వైపు మళ్లారు. అది అప్పటికింకా బుడిబుడి అడుగులు వేస్తున్న శాస్త్రం. దాని గురించి కొంత వివరంగా చెప్పుకుంటే తప్ప ఆయన చేసిన పని విలువ అర్థం కాదు.

కొందరు శిశువులు గుండె గదుల మధ్య గోడలో రంధ్రంతో పుడతారు. మరికొందరికి రక్తనాళాల అమరికలోనే లోపం ఉంటుంది. తగినంత ప్రాణవాయువు అందక పెదవులు, గోళ్లు నీలిరంగుకు తిరుగుతాయి. నాలుగడుగులు పరుగెత్తగానే ఆయాసంతో కూలబడతారు. ఆ రంధ్రాన్ని మూయాలంటే గుండెను తెరవాలి. తెరవాలంటే ఆపాలి. గుండె ఆగితే కొద్ది నిమిషాలలోనే మెదడు దెబ్బతింటుంది. ఈ చిక్కుముడిని విప్పినది గుండె - ఊపిరితిత్తుల యంత్రం. శరీరం నుంచి రక్తాన్ని బయటికి తీసి, దానిలో ప్రాణవాయువు నింపి, తిరిగి శరీరంలోకి పంపడం దీని పని. దీని సాయంతో 1953 మే నెలలో అమెరికా వైద్యుడు జాన్ గిబ్బన్ తొలిసారిగా ఒక గుండె శస్త్రచికిత్సను విజయవంతంగా జరిపారు. అయితే ఆ యంత్రం ఉన్నంత మాత్రాన పని జరగదు. దానిని నడిపేవారు, మత్తు ఇచ్చేవారు, రక్తాన్ని సిద్ధం చేసేవారు, శస్త్రచికిత్స తరువాత రేయింబవళ్లు కాపలా కాసే నర్సులు, ఇంతమంది కలిస్తేనే ఒక బిడ్డ గుండె బాగుపడుతుంది. అందువల్ల చాలాకాలం ఈ వైద్యం సంపన్న దేశాల పెద్ద ఆసుపత్రులకే పరిమితమైంది. పేద దేశంలో గుండె జబ్బుతో పుట్టిన బిడ్డకు తల్లి కన్నీళ్లు తప్ప మరో మందు ఉండేది కాదు.

ఇక్కడే వేర్‌హామ్ జీవితంలోని అత్యుత్తమ అధ్యాయం మొదలవుతుంది. లోమా లిండాలో ఆయన సహచరి, గుండె వైద్యురాలు డాక్టర్ జోన్ కాగిన్. వీరిద్దరూ కలిసి 1963లో ఒక వైద్యబృందాన్ని ఏర్పరచారు. రోగి తమ వద్దకు రాలేనప్పుడు బృందమే రోగి దేశానికి వెళ్లాలన్నది వారి సంకల్పం. ఆ బృందం తొలి పయనం పాకిస్తాన్‌లోని కరాచీ నగరానికి. తరువాతి సంవత్సరాలలో గ్రీసుకు, వియత్నాంకు, సౌదీ అరేబియాకు, ఇంకా మరెన్నో దేశాలకు ఆ బృందం వెళ్లింది. 1970వ దశకంలో సైగాన్ నగరానికి వెళ్లే నాటికి అక్కడ యుద్ధం ఇంకా ముగియలేదు. ఒక యుద్ధంలో వైద్యుడిగా పనిచేసిన వ్యక్తి స్థాపించిన బృందం, మరో యుద్ధం నడుస్తున్న నేలపై పసిపిల్లల గుండెలను బాగుచేయడానికి నిలబడింది.

ఆ బృందం రోగులకు చికిత్స చేయడంతోనే సరిపెట్టుకోలేదు. స్థానిక వైద్యులకు, నర్సులకు పని నేర్పడం కూడా తన బాధ్యతగా స్వీకరించింది. అతిథి వైద్యుడు నాలుగు వారాలలో వెళ్లిపోతాడు. అతడు నేర్పి వెళ్లిన విద్య మాత్రం ఆ ఊరిలోనే ఉంటుంది. సాయం చేసేవారు ఎదుటివారిని శాశ్వతంగా తమ మీద ఆధారపడేలా చేయకూడదన్న సూత్రం ఇందులో ఉంది. మన ధార్మిక సంస్థలు, సేవా సంఘాలు నడుపుతున్నవారు దీనిని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

కరాచీలోని ముస్లిం తల్లి తన బిడ్డను వేరే దేశపు, వేరే మతపు వైద్యుడి చేతిలో పెట్టి, ఆపరేషన్ గది తలుపు మూసుకుంటుంటే బయట నిలబడి ఎంతగా దుఆ చేసి ఉంటుందో మనం ఊహించుకోవచ్చు. ఆ లోపలి మనిషి బిడ్డను బతికించడానికే తన చేతులను వినియోగించాడు. మంచిని మంచిగా గుర్తించడానికి అది ఎవరి ఇంటి నుంచి వచ్చిందని అడగనవసరం లేదు.

ఇక ఆయన వృద్ధాప్యం సంగతి. ఎంతోమంది పదవీ విరమణ చేసే వయసు దాటిన తరువాత కూడా ఆయన ఆపరేషన్ గదికి వెళుతూనే ఉన్నారు. చివరి సంవత్సరాలలో ప్రధాన శస్త్రవైద్యుడి స్థానాన్ని పిన్నలకు వదిలి, వారి పక్కన నిలబడి సాయం చేసేవారు. దశాబ్దాల అనుభవం ఉన్న మనిషి తనకన్నా ఎంతో చిన్నవాడి ప్రక్కన సహాయకుడిగా నిలబడడానికి మనసు కావాలి. తన 95వ ఏట ఆయన శస్త్రచికిత్సలకు స్వస్తి చెప్పారు.

దీర్ఘాయువులను గురించి రాసే డాన్ బ్యూట్‌నర్ ఈయనను కలిసి ప్రపంచానికి పరిచయం చేశారు. ఆయన చెప్పిన ఒక ఉదంతం ప్రసిద్ధం. తొంభై దాటిన వేర్‌హామ్ తన ఇంటికి కంచె వేయించుకోదలిచారు. మేస్త్రీ వేల డాలర్లు అడిగాడు. అంత సొమ్ము పెట్టేకంటే తానే వేసుకుంటానని చెప్పి, సామాను కొని తెచ్చి, గుంతలు తీసి, స్తంభాలు మోసి, సిమెంటు కలిపి మూడు రోజులు శ్రమించారు. నాలుగవ రోజున ఆసుపత్రిలో కనిపించారు, రోగిగా మంచం మీద కాదు, మరొకరి గుండె ఆపరేషన్‌లో. డబ్బు లేక ఆయన ఆ పని చేయలేదు. అల్బర్టా పొలంలో నేర్చుకున్న అలవాటు తొంభై ఏళ్లు దాటినా ఆయనను వదలలేదు.

ఆయన భోజనం గురించి కూడా చెప్పుకోవాలి. నడివయసు నుంచి ఆయన మాంసంతో పాటు పాలు, గుడ్లు కూడా మానివేసి పూర్తిగా సస్యాహారం స్వీకరించారు. తాను తెరిచి చూసిన ఎందరి రక్తనాళాలలోనో పేరుకున్న కొవ్వే తనకు పాఠమైందని ఆయన చెప్పేవారు.

ఇక్కడ మేము రెండు మాటలు స్పష్టం చేయదలిచాం. దైవం మనకు ధర్మసమ్మతం చేసినదానిని నిషిద్ధంగా భావించమని మా ఉద్దేశం కాదు. ఒక్క మనిషి జీవితం శాస్త్రీయ నిరూపణ కూడా కాదు. ఆయన లాగానే జీవించి యాభై ఏళ్లకే మరణించినవారు ఉంటారు. ఆయుష్షు దైవాధీనం. అందువల్ల రోగగ్రస్తులను చూసి 'నీ తప్పు వల్లనే' అని నిందించడం ఎంతమాత్రమూ తగదు. మన చేతిలో ఉన్నది జాగ్రత్త మాత్రమే.

ఆ జాగ్రత్తకు ఆధారం ఒక్క వేర్‌హామ్ జీవితమే కాదు. కాలిఫోర్నియాలోని అడ్వెంటిస్టులపై సుదీర్ఘంగా జరిగిన అధ్యయన ఫలితాలు 2001లో ప్రచురితమయ్యాయి. ఆ రాష్ట్రంలోని ఇతరులకన్నా అడ్వెంటిస్టు పురుషులు సగటున 7 సంవత్సరాలకు పైగా, స్త్రీలు 4 సంవత్సరాలకు పైగా ఎక్కువ జీవిస్తున్నట్లు తేలింది. పొగకు దూరంగా ఉండడం, క్రమం తప్పని వ్యాయామం, బరువు పెరగకుండా చూసుకోవడం, సస్యాహారం, తరచుగా గింజలు తినడం ఈ తేడాకు తోడ్పడుతున్న అలవాట్లని పరిశోధకులు గుర్తించారు. వారానికి నాలుగుసార్లకు మించి గింజలు తినేవారిలో గుండెజబ్బు మరణాలు దాదాపు సగానికి తగ్గినట్లు అంతకుముందే 1992లో వెల్లడైంది. ఆ గింజలలో బాదం, అక్రోటుతో పాటు మన పల్లీలు కూడా ఉన్నాయి. రాయలసీమ మెట్టపొలాలలో పండే పంట ఖరీదైన మందు కానవసరం లేదు.

మన పరిస్థితి ఏమిటి? 52 దేశాలలో జరిగిన ఒక బృహత్ అధ్యయనంలోని దక్షిణాసియా వివరాలు 2007లో వెలువడ్డాయి. ఇతర ప్రాంతాలవారికి తొలి గుండెపోటు వచ్చే మధ్యస్థ వయసు 58 దాటగా, మన ప్రాంతంవారికి అది 53 మాత్రమే. వ్యాయామం తక్కువ, రోజూ కూరగాయలు, పండ్లు తినడం తక్కువ అని కూడా ఆ అధ్యయనం తెలిపింది. 53 అంటే కుమార్తె నికాహ్ ఇంకా జరగని వయసు. కుమారుడి చదువు ఇంకా పూర్తికాని వయసు. ఆ వయసులో ఇంటి యజమాని హఠాత్తుగా కూలిపోతే ఆ కుటుంబం ఎన్నేళ్లు వెనక్కి పోతుందో మన మొహల్లాలలో చూస్తూనే ఉన్నాం.

మన దావత్‌లను ఒకసారి గమనించండి. వలీమా బల్లపై బిర్యానీ, దాని పక్కన మరో రెండు మాంసపు వంటకాలు, ముగింపుగా డబల్ కా మీఠా. ఆకుకూర కనిపించదు. ఉల్లిపాయ ముక్కలే కూరగాయ. పండుగనాడు తినేది ప్రతి శుక్రవారపు భోజనమైంది. శుక్రవారపు భోజనం నిత్యభోజనం అవుతోంది. రోజుకు ఆరు కప్పుల తీపి చాయ్, కొందరు మగవారికి దాని వెంట సిగరెట్టు. మద్యాన్ని, పంది మాంసాన్ని ముట్టనందుకు మనకు లభించవలసిన ఆరోగ్యాన్ని ఈ అమితత్వం చేతులారా పోగొడుతోంది. మితం మన ధర్మంలోనే ఉంది. దానిని వంటింటిదాకా తీసుకుపోవడమే మిగిలింది.

ఆహారంకన్నా ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. అది పెద్దలకు ఇంట్లో ఇచ్చే స్థానం. 'అబ్బా, మీరు కూర్చోండి, మేం చూసుకుంటాం' అని ప్రేమతోనే అంటాం. కూరగాయల సంచి చేతిలోంచి తీసుకుంటాం. లెక్కల పుస్తకం తీసుకుంటాం. వ్యవహారాలలో సలహా అడగడం మానేస్తాం. కొన్నేళ్లకు ఆయన చేతిలో టీవీ రిమోట్ తప్ప మరేమీ మిగలదు. ఇది గౌరవంలా కనిపిస్తుంది కాని, ఆ మనిషికి ఇక ఈ ఇంట్లో అవసరం లేదన్న సందేశం కూడా అందులోనే ఉంటుంది. కాళ్లు, చేతులు వాడకపోతే బలహీనపడతాయి. మనసు కూడా అంతే.

వేర్‌హామ్ సహచరులు ఆయనను ఒక కుర్చీలో కూర్చోబెట్టి దండ వేసి ఉండవచ్చు. దానికి బదులు ఆపరేషన్ బల్ల పక్కన ఆయన శక్తికి తగిన స్థానం ఇచ్చారు. ఆయన కూడా మొదటి స్థానమే కావాలని పట్టుపట్టలేదు. పిన్నలు చోటు ఇవ్వడం, పెద్దలు చోటు మారడం, రెండూ జరిగితేనే ఇల్లు చక్కగా నడుస్తుంది. అధికారమంతా తన చేతిలోనే ఉండాలనుకునే మామగారూ, పెద్దల అనుభవం తనకు అక్కరలేదనుకునే కోడలూ ఇద్దరూ ఈ ఉదాహరణను తమకు తాము అన్వయించుకోవాలి.

కుటుంబమంతా కలిసి భోజనానికి కూర్చునే రోజున ఈ వ్యాసాన్ని ఒకరు పైకి చదవవలసిందిగా పాఠక సోదర సోదరీమణులను కోరుతున్నాం. చదివాక ఇంట్లోని పెద్దలకు ఏ పని ఇష్టమో, ఏ పని వారికి సాధ్యమో వారినే అడగండి. మొక్కలకు నీళ్లు పోయడం కావచ్చు, మనుమలకు ఖుర్ఆన్ పారాయణం లేదా లెక్కలు నేర్పడం కావచ్చు, మస్జిద్ కమిటీ లెక్కలు చూడడం కావచ్చు, మొహల్లాలోని ఒంటరి రోగిని రోజూ పలకరించి రావడం కావచ్చు. వైద్యుడు వద్దన్న బరువులు తప్ప, వారు చేయగల పనిని వారి చేతికే వదలండి. యాభైకి చేరువైనవారు ఈ నెలలోనే రక్తపోటు, చక్కెర, కొవ్వు పరీక్షలు చేయించుకోండి. ఫజ్ర్ నమాజ్ తరువాత మళ్లీ నిద్రకు ఉపక్రమించకుండా అరగంట నడవండి. ఈ వారపు వంటలో రెండు పూటలు పప్పూ ఆకుకూరలూ పెట్టండి.

మనకు ఎన్నేళ్లు రాసిపెట్టి ఉందో మనకు తెలియదు. రేపటి ఉదయం లభిస్తే, ఆ ఉదయాన ఎవరికి ఉపయోగపడాలో మాత్రం ఈ రాత్రే నిర్ణయించుకోవచ్చు.